కర్పూరానికి కరిగిన డబ్బా

ప్లాస్టిక్ కాలితే వచ్చే కంపు అందరికీ తెలుసు. దానికి కర్పూరం వాసన కలిస్తే ఎలా ఉంటుందో మా టీమ్ వాళ్ళకే తెలుసు. గర్భగుడిలో ఎవరో బకెట్ తగలబెట్టినట్టు ఉంటుంది. ఇప్పటికీ ఎవరైనా హారతి పళ్ళెం నా ముందుకు చాపితే ఒక అడుగు వెనక్కి వేస్తాను. వీడికి దేవుడంటే భక్తి లేకుండా పోయిందని అమ్మ బాధ. దేవుడితో నాకేం గొడవ లేదు. పళ్ళెం ఎక్కడ పెడతారా అని మాత్రం చూస్తూ ఉంటాను.

మా ఇంజనీరింగ్ కాలేజీ పెందుర్తి దాటాక వస్తుంది. అక్కడ ఏటా మేం కొందరం కలిసి ఒక రేసు కారు తయారు చేస్తాం. ఒక్కరే కూర్చునే కారు. ఇనుప గొట్టాల చట్రం, దాని వెనక ఒక బైకు ఇంజన్. దేశంలోని కాలేజీలన్నీ ఇలాంటి కార్లు తీసుకుని ఒకచోట చేరతాయి, పోటీ పడతాయి. పోయినేడు ఆ కారులో నా వంతు గాలి డబ్బా. అంటే ఇంజన్ పీల్చుకునే గాలిని ముందు పట్టి ఉంచే ప్లాస్టిక్ పెట్టె. మెషీన్ మీద పొరలు పొరలుగా పోసి అచ్చు తీస్తారు. దాని వంపులు కంప్యూటర్‌లో గీయడానికి, గీసింది చెరిపి మళ్ళీ గీయడానికి నాకు చదువు సంవత్సరమంతా పట్టింది. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే మా సీనియర్, నేను కాళ్ళావేళ్ళా పడితే, వాళ్ళ మెషీన్ మీద తీసిచ్చాడు. ఇంకోటి తీసివ్వమంటే నంబర్ బ్లాక్ చేసేవాడు.

ఆ పోటీలో ఒక రూలుంది. ఇంజన్‌కి వెళ్ళే గాలంతా బొటనవేలు పట్టేంత ఇరుకు దారిలోంచే వెళ్ళాలి. అది చూడడానికి ఇంజన్ నడుస్తుండగా డబ్బా ముందున్న నోటిని అరచేత్తో మూస్తారు. ఇంజన్ అక్కడికక్కడే చావాలి. చావలేదంటే ఎక్కడో చిల్లుంది, దొంగగాలి పీలుస్తోంది అని అర్థం. ఆ కారు ట్రాక్ మొహం చూడదు.

ఇక పూజ. పూజ వద్దని నేననలేదు. కొత్త బండిని సింహాచలం కొండ కింద నిలబెట్టి నిమ్మకాయలు తొక్కించకుండా ఇంటికి తెచ్చుకునేవాడు మా ఊళ్ళో ఎవడూ లేడు. కారు లారీ ఎక్కే ముందురోజు పొద్దున్నే వర్క్‌షాపు ముందు పూజ పెట్టుకున్నాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, ఊరుకున్నాను. రోడ్డుని గట్టిగా పట్టుకోవాలని మేం అంత జాగ్రత్తగా కాపాడిన నున్నటి టైర్లకి పసుపు పూశారు, పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను. మాతో వచ్చే లెక్చరర్, మేం సార్ అనే పిలుస్తాం, తెల్ల చొక్కా వేసుకుని, గుప్పెడంత కర్పూరం ముద్ద పెట్టిన ఇత్తడి పళ్ళెంతో హారతి ఇచ్చారు. ఊరంతా చూడాలన్నట్టు మండింది.

మా కారులో ఎక్కడ చూసినా గుండ్రటి గొట్టాలే. పళ్ళెం పెట్టుకోడానికి చదునైన చోటు మొత్తం కారులో ఒక్కటే ఉంది. సీటు వెనక, ఎత్తుగా, సరిగ్గా చేతికందే చోట. నా డబ్బా మూత.

సార్ మండుతున్న పళ్ళెం దాని మీద పెట్టి కొబ్బరికాయ కొట్టడానికి ముందుకు నడిచారు. నేను ముందువైపు నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. టీమ్ పేజీలో పెట్టాలి కదా. కాయ మొదటి దెబ్బకి పగల్లేదు. నవ్వులు. పగిలాక ఫోటోలు. ప్రిన్సిపాల్ గారు వచ్చాక మళ్ళీ ఫోటోలు. ఆయన కళ్ళు మూసుకున్నారని ఇంకోసారి. ఆ వీడియో నా దగ్గర ఇంకా ఉంది. అందరూ పళ్ళికిలించి నిలబడి ఉంటారు, వాళ్ళ తలల వెనక మూలన మంట నిటారుగా మండుతుంటుంది. కాసేపటికి ఆ మంట ఒక పక్కకి ఒరుగుతుంది. గాలికి ఒరిగిందనుకుంటారు చూసేవాళ్ళు. ఒరిగింది పళ్ళెం.

ముందు ముక్కు పసిగట్టింది. నేను ఫోన్ పట్టుకునే పరిగెత్తాను. అప్పటికే సార్ పళ్ళెం తియ్యబోతున్నారు. అది రాలేదు. అడుగు కరిగి పట్టేసింది.

"సార్, లాగొద్దు! చల్లారనివ్వండి!"

ఆయన లాగారు. చేతికి జేబురుమాలు చుట్టుకుని మరీ లాగారు. పెనానికి అంటుకున్న అట్టు చిరిగినట్టు చిరిగింది. పళ్ళెంతోపాటు నా మూతలోంచి ఒక ముక్క ఊడొచ్చింది. చిల్లు రూపాయి బిళ్ళంత ఉంది. చిల్లు దగ్గర మొదలైన పగులు డబ్బా అంచుదాకా, ఇంజన్‌కి వెళ్ళే గొట్టం తొడిగే చోటుదాకా పాకింది. మిగతా మూత లోపలికి గుంటపడి, చల్లారిన పాల మీద మీగడలా ముడతలు పడింది.

సార్ పళ్ళెం అడుగు చూసుకున్నారు. నా డబ్బా వంక కాదు, పళ్ళెం వంక. అది వాళ్ళింటి పూజ పళ్ళెం.

"ఏం కాదయ్యా. దేవుడి పనిలో జరిగింది, మంచికే. కాస్త ఎం-సీల్ పెట్టండి," అన్నారు.

నా నోట్లోంచి ఏమొచ్చిందో ఇక్కడ రాయను. మా డ్రైవర్ నా నోరు మూసి వర్క్‌షాపు లోపలికి లాక్కెళ్ళాడు. డ్రైవర్ అంటే మా క్లాసువాడే, పోటీలో కారు నడిపేవాడు. జాలారిపేట కుర్రాడు. వాళ్ళ నాన్న వేటకెళ్తాడు, వాళ్ళమ్మ చేపలమ్ముతుంది. మేమేమో గోదావరి వైపునుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. వాడూ నేనూ ఫస్టియర్ నుంచి బావా అంటే బావా అనుకుంటాం.

"ఒగ్గీ బావ. ఆయన్ని తిడితే డబ్బా అతుక్కుంటాదేటి?" అన్నాడు.

సార్ వెనకే వచ్చారు. "సీనియర్ల పాత రేకు డబ్బా ఉంది కదా, అది బిగించేయండి."

"అది దీనికి రెండింతల బరువు సార్. పై స్పీడులో ఇంజన్ లాగదు."

"ముందు కారు వెళ్ళాలి. నీ డబ్బా కోసం టీమంతా ఆగదు. రేపు లారీ వచ్చేలోపు అరచెయ్యి పరీక్షలో నెగ్గితే పెట్టుకో. లేకపోతే పాతదే. రిపోర్ట్‌లో డిజైన్ వేడికి తట్టుకోలేదని రాసేద్దాం."

డిజైన్ వేడికి తట్టుకోలేదట! ఇంజన్ వేడికి లెక్కేసి తీశాను. పైన ఎవరో వంట పెడతారని లెక్కెయ్యలేదు. పాత డబ్బా మూలన తుప్పు పట్టి, లోపల బల్లి గుడ్లతో పడి ఉంది. నాది తీసేసి ఆ దరిద్రాన్ని పెట్టడం, పైగా నాది పనికిరాదని కాగితం మీద రాయడం. నాకు కోపం కూడా రాలేదు. కోపానికి ఇంకా కాస్త గౌరవం ఉంటుంది. అసహ్యం వేసింది.

డబ్బా విప్పి బల్ల మీద పెట్టేసరికి టీమంతా డాక్టర్లైపోయారు. ఒకడు సోల్డరింగ్ ఐరన్ తెచ్చి, నేను వద్దనేలోపు పగులు మీద రుద్దాడు. నల్లటి నురగ, మళ్ళీ అదే కంపు. ఇంకొకడు ఫోన్‌లో చూసి ఫెవిక్విక్ మీద వంటసోడా చల్లాడు. అది రాయిలా గట్టిపడింది, వేలితో నొక్కితే పిప్పి పన్నులా రాలింది. ఆ పొడి డబ్బా లోపలికి పోయింది. లోపలికి పోయింది ఇంజన్‌లోకి పోతుందన్న జ్ఞానం ఒక్కడికీ లేదు. డబ్బా చంకలో పెట్టుకుని బయటికొచ్చేశాను.

డ్రైవర్ బైకు తీశాడు. "ఎక్కు. మా కాడికి పోదాం. పడవలకి ఏత్తాం కదా ఫైబరు, అదే ఏద్దాం."

"ఇది పడవేటి?"

"పడవ కాదు. పడవైతే ఈపాటికి అతికేసి సముద్రంలోకి తోసేద్దుం."

పెందుర్తి నుంచి సముద్రం ఒడ్డుదాకా ఆ డబ్బాని పసిబిడ్డలా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళ వీధిలో దిగేసరికి ఎండుచేపల వాసన, కాలవ వాసన, ఎవరో పడవకి పూస్తున్న రంగు వాసన కలిసి మొహాన కొట్టాయి. నేను అపార్ట్‌మెంట్‌లో పెరిగినవాణ్ణి, ముక్కు మూసుకున్నాను. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని ఖాళీ తట్ట కడుక్కుంటోంది. నా చెయ్యి ముక్కు మీద చూసింది, ఒళ్ళో డబ్బా చూసింది.

"ఏటిరా అది? గంజి తెపాలా?"

"కారుదమ్మా. గాలి పీల్సేది."

"ఓలమ్మ, ఈ కంపుతో గాలి పీలిత్తే కారు కూడా కక్కుకుంటాది. నా గుమ్మంలోకి తేకండి, అటుపక్క ఎల్లండి." తర్వాత నా వైపు తిరిగింది. "ఏం బాబూ, మా సేపలకి ముక్కు మూసుకున్నావు, నీ ఒళ్ళో దానికి మూసుకోవేటి?"

చెయ్యి దించేశాను.

ఇంటి వెనక, ఒడ్డుకి లాగిపెట్టిన ఫైబరు పడవ నీడలో కూర్చున్నాం. వాడు ఒక డబ్బా రెసిన్, చిరిగిన గోనెపట్టాలా ఉండే తెల్లటి గాజు పీచు తెచ్చాడు. పీచు ముక్క కత్తిరించి, రెసిన్‌లో గట్టిపడే మందు కలిపి, బ్రష్‌తో చిల్లు మీద పరిచాడు. కళ్ళు మండే ఘాటు. లోపలివైపు కూడా ఒక పొర వేద్దామన్నాను.

"లోపలేటికి? పడవకైనా దీనికైనా నెట్టేది బయటోడే. పడవని నీళ్ళు నెడతాయి, దీన్ని బయటి గాలి నెడతాది. బయటేత్తే ఇంకా అదుముకుంటాది. లోపలేసినావనుకో, ఊడి ఇంజను నోట్లో పడతాది."

సరిగ్గానే చెప్పాడు. అయినా ఎండలో గట్టిపడ్డాక నేను అంచు కింద గోరు పెట్టి చూశాను. మొత్తం అతుకు ఒక్క ముక్కగా, అప్పడంలా లేచి నా చేతిలోకొచ్చింది. కింద మూత నున్నగా, దేనికీ సంబంధం లేనట్టు మెరుస్తోంది. ఛీ అని అతుకుని ఇసకలోకి విసిరాను. ఒక కుక్క వచ్చి వాసన చూసి, అది కూడా మొహం తిప్పుకుని పోయింది.

"పడవకి ఎప్పుడూ ఊడలేదు బావ," అన్నాడు వాడు. మొదటిసారి వాడి గొంతు తగ్గింది.

"పడవ కూడా అదే రెసిన్‌తో చేసింది కాబట్టి పట్టుకుంటుంది. ఇది నైలాన్. దీనికేం అంటుకోదు." నేను అప్పటికే ఫోన్‌లో వెతుకుతున్నాను. ఇలాంటి కార్లు చేసే కుర్రాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో ఏడ్చుకునే చోట్లుంటాయి. అందరూ చెప్పేది ఒకటే. నునుపు పోయేదాకా గీకు, ఎపాక్సీ వాడు, అయినా నమ్మకు, అతుకుకి పట్టు దొరికేలా చిల్లులు పెట్టు.

"సిల్లులెడితే కుట్టేత్తే పోద్ది కదా," అన్నాడు వాడు.

"ఏటి కుట్టేది?"

"వల కుట్టినట్టు. వల కూడా నైలానే కదా. దారం పట్టుకుంటాది, దారాన్ని నీ ఎపాక్సీ పట్టుకుంటాది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు తిట్టుకోకుండా పని మొదలైంది.

నేను వెళ్ళి నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ కొనుక్కొచ్చాను. గరుకు కాగితంతో మూత తెల్లబడేదాకా రుద్దాను. మాడిన చోటంతా కోసి పారేశాను. ఫెవిక్విక్ మహానుభావుడి సోడా పొడి మొత్తం తడిగుడ్డతో లోపలినుంచి తీశాను, ఫోన్ టార్చి లోపలికి వేసి మూలమూలా చూసుకుంటూ. పగులుకి అటూ ఇటూ సన్నటి చిల్లులు వేశాను. వాడు వలలు బాగుచేసే సన్న నైలాన్ దారంతో కుట్టడం మొదలుపెట్టాడు. నడిపేటప్పుడు చేతులు ఊరికే ఉండవు వాడికి, ఏదో ఒకటి మీటుతూ ఉంటాడు. కుట్టేటప్పుడు మాత్రం మాట కూడా లేదు. పగులు రెండు అంచులూ దగ్గరికొచ్చి కరుచుకున్నాయి. చిల్లుకి అడ్డంగా జల్లెడలా దారం అల్లాడు. దాని మీద గాజు పీచు, ఎపాక్సీ, మళ్ళీ పీచు, మళ్ళీ ఎపాక్సీ.

వాళ్ళమ్మ వచ్చి తొంగి చూసింది. "గుండె ఆపరేషనా?"

"అవునమ్మా."

"సూడు మరి, బతుకుద్దో నేదో." రెండు గ్లాసుల టీ పెట్టి పోయింది. టీలో కూడా ఎపాక్సీ వాసనే వచ్చింది.

మర్నాడు పొద్దున్న డబ్బా కారుకి బిగించాం. అందంగా ఏం లేదు. గోధుమరంగు పుండు ఎండి పక్కు కట్టినట్టుంది. సంవత్సరం పాటు నేను మురిసిపోయిన వంపు మీద ఆ పక్కు చూస్తే నాకే వెగటు పుట్టింది. ఎదురుగా మావాళ్ళు పాత రేకు డబ్బాని బల్లి గుడ్లు దులిపి, కడిగి, స్పానర్లతో సహా సిద్ధంగా పెట్టుకున్నారు. సార్ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

డ్రైవర్ సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు. నేను నోటి మీద అరచెయ్యి అదిమాను.

ఇంజన్ తగ్గింది. గురగురలాడింది. దగ్గింది. చావలేదు. నా చెయ్యి నొప్పెడుతున్నా అది ముసలాడి గురకలా ఈడ్చుకుంటూ నడుస్తూనే ఉంది.

"సరే, విప్పండి," అన్నారు సార్. ఆయన గొంతులో విచారం లేదు. భోజనానికి టైమైందన్నట్టు అన్నారు.

"ఒక్క నిమిషం సార్."

"ఏం నిమిషమయ్యా, లారీ గేటు దగ్గరికొచ్చేసింది."

స్పానర్ పట్టుకుని వచ్చినవాణ్ణి ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టాను. "ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా." నిజంగానే విరిచేసేవాణ్ణి. డ్రైవర్ ఇంజన్ నడుపుతూనే ఉన్నాడు. నేను సన్న రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస అతుకు మీద చుట్టూ తిప్పాను. అతుకు మీద చప్పుడు లేదు. అంచు దగ్గరికి, గొట్టం తొడిగే చోటికి వచ్చేసరికి చెవిలో పాము బుస కొట్టింది.

ఇంజన్ ఆపించి, అక్కడ తొడిగిన గొట్టం విప్పి చూశాను. కుట్టు చివరి ముడికి వెంట్రుకంత దారం తోక మిగిలి ఉంది. అది ఎపాక్సీ కిందనుంచి బయటికొచ్చి, గొట్టం రబ్బరు కింద అడ్డంగా పడి ఉంది. దాని పక్కనుంచే గాలి దూరుతోంది.

"తోక ఎందుకొదిలేశావ్?" అని అరిచాను.

"తోక ఒగ్గకపోతే ముడి జారిపోద్ది బావ! నీళ్ళల్లో వలకి ఎవుడైనా ఒగ్గుతాడు!"

"ఇది నీళ్ళల్లో ఉందా?"

"నాకేటి తెలుసు నీ రబ్బరు సంగతి!"

వాళ్ళింట్లో తాతల దగ్గర్నుంచీ ఎవడూ తోక లేకుండా ముడి వెయ్యలేదు. వాడి చేతికి అలా అలవాటు, ఆలోచించే పని లేదు. బ్లేడుతో తోక మట్టసంగా కోసి, ఆ చోట గరుకు కాగితం ఆడించి, రబ్బరు తొడిగి, క్లిప్పు బిగించాను. ఆ పని ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

మళ్ళీ స్టార్ట్. మళ్ళీ అరచెయ్యి.

టక్కున ఆగిపోయింది. గొంతు పిసికినట్టు.

"సచ్చిపోనాది!" అని డ్రైవర్ సీట్లోంచి కేకేశాడు. "బావా, సచ్చిపోనాది!" మావాళ్ళు చప్పట్లు కొట్టారు. స్పానర్ వాడు కూడా కొట్టాడు, సిగ్గులేనివాడు.

సార్ మాత్రం డ్రైవర్ వైపు చూశారు. "స్విచ్ నువ్వు ఆపేశావా?"

డ్రైవర్ మళ్ళీ స్టార్ట్ చేసి రెండు చేతులూ పైకెత్తాడు, పోలీసులు పట్టుకున్నవాడిలా. "ఇప్పుడు సూడండి సార్. నాను సేతులు దించితే అడగండి."

"నువ్వు తప్పుకో," అని సార్ నన్ను పక్కకి జరిపారు. చొక్కా చెయ్యి మడిచి, తన అరచెయ్యే నోటి మీద పెట్టారు. ఇంజన్ ఈసారి కాస్త వేగంగా తిరుగుతోంది. ఒక్కసారి ఆయన చేతిని లోపలికి లాగేసింది. ఆయన "అబ్బా" అన్నారు. ఇంజన్ చచ్చింది. చెయ్యి లాక్కుంటే ముద్దు పెట్టినట్టు చప్పుడొచ్చింది. అరచేతి మధ్యలో ఎర్రగా గుండ్రటి ముద్ర.

నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఇప్పుడంటారేమో అనుకున్నాను. సారీ కాకపోయినా, సరేలే అన్నా చాలు. పళ్ళెం గురించి ఒక్క ముక్క.

ఆయన ముద్ర రుద్దుకుంటూ ఇక ఎవరికీ అక్కర్లేని ఆ పాత డబ్బా పక్కనుంచి నడిచి, లారీ దగ్గరికి వస్తున్న ప్రిన్సిపాల్ గారికి ఎదురెళ్ళారు. చెయ్యి చాపి చూపించారు.

"చూడండి సార్, సక్షన్ ఎలా ఉందో! ఎక్కడా లీక్ లేదు. మా డిజైన్."

మా డిజైన్. నిన్న వేడికి తట్టుకోనిది నా డిజైన్. ఇవాళ ఆయన చెయ్యి పీల్చింది మా డిజైన్. ప్రిన్సిపాల్ గారు ఆ చేతిని పట్టుకుని మరీ చూసి మెచ్చుకున్నారు. నా నాలుక కొసన ఉంది మాట. చెప్పేస్తే ఆయన ముందే చెప్పేయొచ్చు, వీడియో కూడా జేబులోనే ఉంది. డ్రైవర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు నోరిప్పినావంటే ఆయన ఆ రేకుడబ్బా ఎక్కిత్తాడు. నీకు ఆయన కావాలా, డబ్బా ఎల్లాలా?"

ఉమ్మి మింగాను. చేదుగా ఉంది, ఎపాక్సీ వల్లో ఇంకెందువల్లో. ఇద్దరం కారు వెనక్కి వెళ్ళి భుజాలు పెట్టి తోశాం. పలకల మీదుగా కారు లారీలోకి ఎక్కింది, పక్కు కట్టిన నా డబ్బాతో సహా. తాళ్ళు కట్టడానికి ఎవరినీ పైకి రానివ్వలేదు. అన్ని ముడులూ వాడే వేశాడు, ప్రతి ముడికీ తోక వదిలాడు. ఈసారి నేను బ్లేడు తియ్యలేదు.